సిటిజన్ యాప్: అలర్ట్ ముందొస్తుంది, నిజం తర్వాత

అమెరికా నగరాల్లో వాడే ఈ యాప్ పోలీసు, ఫైర్ రేడియోల్లో వినిపించేవాటిని పట్టుకుని దగ్గర్లో ఉన్నవారి ఫోన్లకు అలర్ట్‌లు పంపుతుంది. 2016లో విజిలాంటీ (చట్టాన్ని తన చేతుల్లోకి తీసుకునేవాడు) పేరుతో వచ్చినప్పుడు ఆపిల్ తన స్టోర్ నుంచి తీసేసింది. 2017లో పేరు మార్చుకుని తిరిగొచ్చింది. మంటలు, గ్యాస్ లీకుల విషయంలో బాగా పనికొస్తుంది.

చిక్కంతా నేరాల దగ్గరే. రేడియోలో వచ్చేది ఎవరో ఫోన్ చేసి చెప్పిన మాట, ఇంకా ఎవరూ తేల్చనిది. "తుపాకీతో మనిషి" అన్న అలర్ట్ మనసులో నాటుకున్నంతగా, తర్వాత వచ్చే "ఏమీ దొరకలేదు" నాటుకోదు. యాప్ మ్యాప్ నిండా నేరాల చుక్కలు రోజూ చూసేవారికి నేరాలు తగ్గినా పెరిగినట్టే తోస్తుంది.

2021 మేలో లాస్ ఏంజెలెస్ దగ్గర కార్చిచ్చు రేగినప్పుడు ఈ యాప్ నిప్పు పెట్టింది ఇతనేనంటూ ఒకరి ఫొటో చూపించి, పట్టిస్తే 30,000 డాలర్లు ఇస్తామంది. అతను కాదు. పోలీసులు తర్వాత వేరొకరిని అరెస్టు చేశారు. ఇది చిన్న పొరపాటు కాదు, ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చే పని.

బాధితుల సంగతి ఇంకా ఘోరం. ఈ యాప్‌లో లైవ్ వీడియో తీసేవారు గాయపడినవారి అనుమతి అడగాల్సిన పనిలేదు. ఇంట్లోవాళ్లకు కబురు అందకముందే ఆ దృశ్యం అందరి ఫోన్లలో ఉండొచ్చు.

వాడాలనుకుంటే నోటిఫికేషన్లు ఆపేసి, పొగ కనిపించినప్పుడే తెరవండి. పోలీసులు ప్రకటించేదాకా ఎవరి ఫొటోనూ ఫార్వర్డ్ చేయకండి. ఐదుకు రెండు స్టార్లు, ఆ రెండూ మంటల అలర్ట్‌లకే.