మూడేళ్లు నడిపిన గ్రిడ్ బ్యాటరీ: తెర మీది ఛార్జ్ శాతాన్ని నమ్మకండి

సోలార్ ప్లాంటును ఆనుకుని ఉన్న 10 మెగావాట్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఇది. మూడేళ్లుగా రాత్రింబవళ్లు దీనికి ఫ్రీక్వెన్సీ కాపలాయే పని, అంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి తప్పితే కరెంటు ఇచ్చో తీసుకునో సరిదిద్దడం. వేగంలో వంక పెట్టలేం. ఎక్కడో పెద్ద జనరేటర్ యూనిట్ ట్రిప్ అయితే, ఆవిరి టర్బైన్ పుంజుకునేలోపే ఇది కరెంటు అందించేస్తుంది.

అయితే డ్రూప్ లెక్క (ఫ్రీక్వెన్సీ ఎంత తప్పితే ఎంత పవర్ ఇవ్వాలనేది) బ్యాటరీ డీసీని గ్రిడ్ ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లోనే జరగాలి. ప్లాంట్ కంట్రోలర్‌లో పెట్టి మోడ్‌బస్ అనే సమాచార లింకు మీద ఆదేశాలు పంపినన్నాళ్లూ సెకనుకు పైగా ఆలస్యమయ్యేది. ఫ్రీక్వెన్సీ కోలుకుంటున్న వేళకు పవర్ వచ్చిపడి ఊగిసలాట మొదలయ్యేది. ఇప్పుడు డ్రూప్ 2 శాతం, అంటే ఫ్రీక్వెన్సీ 1 హెర్ట్జ్ తప్పితే పూర్తి 10 మెగావాట్లు; డెడ్‌బ్యాండ్ (స్పందించకుండా వదిలేసే తేడా) 0.03 హెర్ట్జ్. 50 నుంచి 49.9కి దిగితే డెడ్‌బ్యాండ్ పోను మిగిలిన 0.07కి 0.7 మెగావాట్లు ఇస్తుంది.

అసలు తలనొప్పి ఛార్జ్ శాతంతోనే. ఎల్‌ఎఫ్‌పీ సెల్ 30 శాతం దగ్గరున్నా 70 దగ్గరున్నా వోల్టేజీ 3.3 వోల్టుల చుట్టుపక్కలే ఉంటుంది. అందుకని బీఎంఎస్ (బ్యాటరీని పర్యవేక్షించే వ్యవస్థ) వచ్చిపోయే ఆంపియర్లను కూడుతూ తీసేస్తూ అంచనా కడుతుంది. సెన్సర్‌లోని చిన్న తేడా రోజురోజుకూ పేరుకుంటుంది. ఫ్రీక్వెన్సీ పనిలో బ్యాటరీ ఎప్పుడూ సగం దగ్గరే తిరుగుతుంది కాబట్టి, నిండా ఛార్జ్ అయినప్పుడు దొరికే, ఆ లెక్క సరిదిద్దుకునే అవకాశమే రాదు. తెర మీద 48 శాతం అని ఉన్న ర్యాక్‌లో (సెల్స్ పేర్చిన అరలో) నిజంగా 38 ఉండొచ్చు. పెద్ద ఘటన వచ్చినప్పుడు అందులోని బలహీనమైన సెల్ కింది హద్దు తాకుతుంది, సరిగ్గా అవసరమైన క్షణంలో ర్యాక్ మొత్తం తప్పుకుంటుంది. రెండు వారాలకోసారి, మధ్యాహ్నం సోలార్ మిగిలే వేళ, ఒక్కో ర్యాక్‌నీ వంతులవారీగా నిండా ఛార్జ్ చేసి, బ్యాలెన్సింగ్ (సెల్స్ ఛార్జ్‌ను సమం చేయడం) ముగిసేదాకా ఆపి ఉంచండి. మిగతావి పనిలోనే ఉంటాయి.

ఇంకో సంగతి. లోపలికి తీసుకున్న 100 యూనిట్లలో తిరిగి వచ్చేది సుమారు 85. ఫ్రీక్వెన్సీ పైకీ కిందికీ సమానంగా ఊగినా బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతూనే ఉంటుంది. డెడ్‌బ్యాండ్‌లో ఉన్నప్పుడు 200 కిలోవాట్ల దాకా నెమ్మదిగా ఛార్జ్ అయ్యేలా పెట్టుకోవాలి.

వోల్టేజీ క్షణకాలం కుంగితే ఇన్వర్టర్ తట్టుకుంటుంది గానీ సెల్స్‌ను చల్లబరిచే చిల్లర్‌కు స్విచ్ లాంటి కాంటాక్టర్ కాయిల్ వదిలేస్తుంది, చిల్లర్ ఆగిపోతుంది. కాసేపటికి సెల్స్ వేడెక్కి పవర్ తగ్గిపోతుంది. కంట్రోల్ సప్లైని యూపీఎస్ మీద పెట్టాక ఆ బెడద పోయింది.

ఇవి గ్రిడ్ ఫాలోయింగ్ ఇన్వర్టర్లు. వేరెవరో నిలబెట్టిన వోల్టేజీని చూసి నడుస్తాయి. తిరిగే జనరేటర్లు తగ్గిపోయిన బలహీన గ్రిడ్‌లో ఫేజ్ (వోల్టేజీ తరంగం స్థానం) ఒక్కసారి గెంతితే తడబడతాయి. అలాంటి చోట తామే వోల్టేజీ నిలబెట్టే గ్రిడ్ ఫార్మింగ్ రకమే తీసుకోండి, ర్యాక్ వారీ ఛార్జింగ్ సౌకర్యాన్ని ఒప్పందంలోనే రాయించుకోండి.