జాగ్రత్త: బల్లెం మొన కొనేముందు రిజిస్ట్రేషన్ కార్డు మొత్తం విప్పించి చూడండి

జపాన్‌లో ఉంటూ పాత యరి, అంటే జపాన్ బల్లెం, దాని మొన కొందామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నా 1,80,000 యెన్లు ఎలాగూ పోయాయి.

ఆన్‌లైన్ వేలంలో కనపడింది. మూడు పలకల మొన, కాడ (కర్రలోకి దూరే భాగం) మీద ‘మసజనే’ అని చేసిన కమ్మరి సంతకం. ఆ పేరు చూశాక చెయ్యి ఆగలేదు. సమురాయ్ సేనాని హోండా తదకత్సు వాడిన తోంబోకిరి, అంటే ‘తూనీగను కోసేది’ అనే పేరున్న బల్లెం, మీద ఉన్న సంతకం అదే. మొన మీద వాలిన తూనీగ రెండు ముక్కలైందట, అందుకే ఆ బల్లేనికి ఆ పేరు. మసజనే పేరుతో పనిచేసిన కమ్మరులు ఒకరి కంటే ఎక్కువే. అమ్మేవాడు కూడా ఆ మసజనే అని ఎక్కడా అనలేదు, అదంతా నా ఆశ.

ఫోటోలు బోలెడు పెట్టాడు. రిజిస్ట్రేషన్ కార్డుది (పాత ఆయుధానికి చట్టప్రకారం ఉండాల్సిన నమోదు కాగితం) మాత్రం ఒక్కటే, అదీ సగం మడతపెట్టి. నంబరు దాచుకుంటున్నాడు కాబోలు అని వదిలేశాను.

కొన్న 20 రోజుల్లో యజమాని మారిన సంగతి కార్డు ఇచ్చిన ప్రిఫెక్చర్ విద్యా బోర్డుకు తెలపాలి. ఆ ఫారం నింపడానికి కూర్చున్నప్పుడు కార్డు సరిగా చూశాను. షోవా 26, అంటే 1951 నాటిది. పొడవు పాత జపాన్ కొలతల్లో 7 సున్ 4 బు. స్కేలు పెడితే 22.4 సెంటీమీటర్లు, సరిపోయింది. మేకు రంధ్రం ఒకటి, అదీ సరిపోయింది. సంతకం గడిలో చేతిరాత అర్థంకాక ఆఫీసులో పక్క సీటాయనకు చూపించాను. ‘ముమెయ్’ అని చదివాడు. సంతకం లేదు అని!

అమ్మినాయన్ని అడిగితే, అప్పట్లో తుప్పు కింద కనపడి ఉండదులెండి అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. కాడంతా పాత ఇనప మూకుడులా నల్లగా ఉంది. అక్షరాల గాట్ల లోపల మాత్రం ఇటుక రంగు కొత్త తుప్పు, అంచులు వేలికి గరుగ్గా తగులుతున్నాయి. వందల ఏళ్ల నాటి ఉలి దెబ్బ అలా గీరదు. 1951 తర్వాత ఎవరో తీరిగ్గా కొట్టిన పేరు అది, నాకైతే అనుమానం లేదు. పేజీ అడుగున ‘నో క్లెయిమ్, నో రిటర్న్’ అని ఉండనే ఉంది.

బోర్డుకు ఉన్నదున్నట్టు చెప్పాను. వస్తువు పట్టుకుని పరిశీలనకు రమ్మన్నారు. అది తేలేదాకా అమ్మే ఆలోచన కూడా లేదు.

మీరు కొనేటప్పుడు కార్డు పూర్తిగా విప్పిన ఫోటో అడగండి. నంబరు మీద వేలు పెట్టుకున్నా ఫర్వాలేదు, పొడవు, రంధ్రాలు, సంతకం గడులు కనపడాలి. కుదరదంటే వదిలేయండి. కార్డు ఉన్నంత మాత్రాన సంతకం అసలుదని కాదు, అది చట్టం కోసం ఇచ్చేది. సంతకం సంగతి తేల్చాలంటే ఎన్‌బీటీహెచ్‌కే (జపాన్ కళాఖడ్గాల పరిరక్షణ సంఘం) సర్టిఫికెట్ ఉండాలి. అదీ 1982కు ముందు నాటి ఆకుపచ్చ కాగితమైతే పాత ఆయుధాలు సేకరించేవాళ్లు అంతగా నమ్మరు.

ఇంకోటి, కాడ మీద తుప్పు ముట్టుకోకండి. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందని మా ఆవిడ గిన్నె కూడా తెచ్చింది. నాకిప్పుడు మిగిలిన సాక్ష్యం ఆ తుప్పే.