ఇంట్లో చేసుకున్న ఫర్మా కటింగ్ మిషన్: నాలుగేళ్లు వాడినంక నా మాట

నాట్లకు ముందు నా షెడ్డు దగ్గర కేజ్ వీళ్లు, అంటే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు తగిలించే ఇనుప చక్రాలు, బారులు తీరుతాయి. రింగుకు ఆనేటట్టు ఒకవైపు వంపు తిరిగిన ముక్కలు, 8 మి.మీ. ప్లేటువి, జతకు 24 కావాలి. చాక్‌పీసుతో గీసి చేత్తో గ్యాస్ కటింగ్ కొడితే ఏ రెండు ముక్కలూ ఒక్క తీరుగా రావు. వంపు నున్నగా చేయడానికి గ్రైండర్ పట్టుకుంటే సగం రోజు దానికే. ఆ విసుగులోనే, హసన్‌పర్తి దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఈ మిషన్ మొదలుపెట్టాను.

సంగతి సులువే. మోచేతిలా మడిచే రెండు ముక్కల చెయ్యి, 40 మి.మీ. చదరపు పైపుతో చేసింది. దాని కొసన పైన అయస్కాంతం పట్టిన గరుకు రోలర్, సరిగ్గా దాని కిందనే టార్చ్ టిప్, అంటే మంట వచ్చే మూతి. ఫర్మా అంటే ముక్క ఆకారంలో ముందే కోసి పెట్టుకున్న ఇనుప నమూనా. రోలర్ దాని అంచును కరుచుకుని చుట్టూ నడుస్తుంది. అది పోయిన దారిలోనే కింద మంట పోతుంది. సిలిండర్లు, టార్చ్ ముందే ఉన్నాయి కాబట్టి నాకు చేతినుంచి పడ్డది 11 వేల చిల్లర.

ఏడిపించింది మోటారు. పాత కారు వైపర్ మోటారు పెట్టాను. రోలర్ 10 మి.మీ.ది, ఒక చుట్టు తిరిగితే 31 మి.మీ. నడుస్తుంది. ఈ ప్లేటుకు నేను నిమిషానికి 350 మి.మీ. దాకా పోనిస్తాను, అంటే 11 చుట్లు చాలు. వైపర్ మోటారు నెమ్మది స్పీడులో కూడా 40 చుట్ల దాకా తిరుగుతుంది. రెగ్యులేటర్‌తో అంత కిందికి దించితే ఆగి ఆగి దూకుతుంది. సైకిల్ చైను, 44 పళ్ల చక్రం, 18 పళ్ల ఫ్రీవీల్ తగిలిస్తే చూడటానికి బండి బోల్తాపడ్డట్టు ఉంది గానీ తిరిగింది. కానీ చైను లూజు ఉన్నచోటల్లా కటింగులో మెట్లు పడేవి, మూలలు తిరిగేటప్పుడు మరీ. ఏడాదిన్నర అట్లనే సతాయించుకుని, చివరికి నిమిషానికి 15 చుట్ల గేర్ మోటారు తెచ్చి పెట్టాను. మొదటి రోజే ఆ పని చేసి ఉంటే ఎన్ని ప్లేట్లు మిగిలేవో.

ఫర్మా లెక్క తెలియక మొదటి 24 ముక్కలూ పాడుచేసుకున్నాను. ఫర్మాను కావలసిన సైజులోనే కోశాను, ముక్కలన్నీ 8 మి.మీ. పెద్దవిగా వచ్చాయి. రోలర్ బయటి అంచు మీద నడుస్తుంది కాబట్టి దాని మందం 10 మి.మీ. కలుస్తుంది, మంట తినేది రెండు పక్కలా కలిపి 2 మి.మీ. పోతుంది. కాబట్టి ఫర్మా 8 మి.మీ. తక్కువ ఉండాలి. ముక్కలో రంధ్రం కొయ్యాలంటే రోలర్ ఫర్మా లోపల తిరుగుతుంది, లెక్క తిరగబడుతుంది, ఫర్మా రంధ్రమే 8 మి.మీ. పెద్దది కావాలి. 3 మి.మీ. రేకుతో ఫర్మా చెయ్యొద్దు, కింది వేడికి ముడతపడుతుంది. నేను 6 మి.మీ. వాడుతున్నాను, అంచును ఆకురాయితో ఓపిగ్గా నున్నగా చేస్తాను. అంచు మీద చిన్న గీత ఉన్నా అది ప్రతి ముక్కలో కనిపిస్తుంది.

అయస్కాంతానికి మొదట పాత స్పీకర్‌వి పెట్టాను. గ్రైండింగ్ రజను మొత్తం వచ్చి దానికే అతుక్కునేది, రోలర్ జారేది. ఇప్పుడు రాగి కాయిల్ చుట్టాను. కరెంటు ఆపితే రజను రాలిపోతుంది, గుడ్డతో ఒక్క తుడుపు చాలు.

ఇది చెయ్యలేని పనులూ ఉన్నాయి. ఒకాయన గేటు మీదికి కాకతీయ తోరణం కావాలన్నాడు, పైన హంసలతో సహా. స్తంభాలు, అడ్డదూలం బాగానే వచ్చాయి. కానీ సన్నటి మొన దగ్గర రోలర్ చుట్టు తిరిగి వస్తుంది గదా, ముక్కు గుండ్రమైంది. ఆయన చూసి, "ఏం తమ్మీ, హంసను చెయ్యమంటె బాతును చేసినవ్?" అన్నాడు. ముక్కులు గ్రైండర్‌తో చెక్కి ఇచ్చాను. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం దీనితో కోయలేం, గ్యాస్ మంటకు అవి తెగవు, వాటికి ప్లాస్మా కటింగ్ మిషన్ కావాలి.

గ్యాస్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఆక్సిజన్‌కూ ఎల్పీజీకీ రెండింటికీ మంట వెనక్కి పైపులోకి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ పెట్టాను. ఎల్పీజీ టిప్ వేరు, ఎసిటిలీన్ టిప్ వేరు. ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను నూనె చేతులతో ముట్టను. బిగించినప్పుడల్లా సబ్బు నీళ్లతో లీకు చూస్తాను. మిషన్ తనంతట తనే నడుస్తుంది గదా అని పక్కకు పోకూడదు. ముక్క తెగే చివరి క్షణంలో వంగి టిప్‌కు తగులుతుంది, అందుకే కింద ఇటుక ముక్క ఆనించి పెడతాను. మే నెలలో పొద్దున తొమ్మిదయ్యేలోపు పని ముగించాల్సిందే, తర్వాత ఆ రేకుల కింద నిలబడలేం.

ఒక్క ముక్కో రెండు ముక్కలో కావలసినవాళ్లకు ఇది దండగ. ఫర్మా చేసేంతలో చేత్తో కోసుకోవచ్చు. ఒకే ముక్క ఇరవై, ముప్పై కొట్టేవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే మిషనే. నా జతకు ఇప్పుడు రెండు గంటలు పడుతుంది, గ్రైండర్ దాదాపు అక్కర్లేదు.

మోచేతి దగ్గర మొదట ఒక్కటే బేరింగ్ పెట్టాను, చెయ్యి చాపితే టిప్ కిందికి దిగేది. తర్వాత దూరదూరంగా రెండు 6203 నంబరు బేరింగులు పెట్టాను. ఇప్పుడు అవీ కొద్దిగా ఆడుతున్నాయి, కొత్త జత కొనుక్కొచ్చి అరలో పెట్టాను. కేజ్ వీళ్లు వచ్చేలోపు మార్చాలి.