బహుమతి ఆశ చూపాలా, ఇష్టం పెరగనివ్వాలా?

విసుగు పుట్టించే పనులకు, అంటే ఫైళ్లు సర్దడం, డేటా ఎక్కించడం లాంటివాటికి, బహుమతే సరైన దారి. ఫలితం వెంటనే కనిపిస్తుంది. అలాంటి పనిని ఇష్టపడమని ఎవరినైనా అడగడం అన్యాయం కూడా.

చదువు సంగతి వేరు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు గీయడమంటే సరదాపడే చిన్నపిల్లల్ని మూడు గుంపులు చేశారు. గీస్తే బహుమతి ఇస్తామని ఒక గుంపుకు ముందే చెప్పారు. రెండో గుంపుకు చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత వాళ్ల ఇష్టానికి వదిలేస్తే, ముందే మాట పుచ్చుకున్న పిల్లలే బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ల సరదా అలాగే ఉంది! కాబట్టి తప్పంతా ‘ఇది చేస్తేనే అది’ అనే బేరంలోనే ఉందని నా నమ్మకం.

ఇష్టం పెరగడానికి మాత్రం సమయం పడుతుంది. సొంతంగా నిర్ణయించుకునే వీలు, చేయగలనన్న ధీమా, తోటివాళ్లతో అనుబంధం ఉండాలంటారు డెసి, రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు. ఉద్యోగంలో అయితే వీటికంటే ముందు న్యాయమైన జీతం ఉండాలి. అది ఎగ్గొట్టి ‘ఇష్టంతో పనిచేయండి’ అనడం మోసం.

పిల్లల చదువుకు నేను ఇష్టం పెరగనిచ్చే దారినే ఎంచుకుంటాను. ర్యాంకుకు బహుమతి ప్రకటించే బదులు, ఏ పాఠం ముందు చదవాలో వాళ్లనే తేల్చుకోమంటాను.