కడప బండల ఇంట్లో వైఫై డాంగిల్: మూడేళ్లు వాడాక

నేను కడపలో నాలుగైదు చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తాను. ట్యాలీ పని పగలు వాళ్ల షాపుల్లోనే అయిపోతుంది. జీఎస్టీ రిటర్నులు మాత్రం రాత్రి ఇంట్లో కూర్చుని వేస్తాను. నెలనెలా 11వ తేదీ జీఎస్టీఆర్-1కి, 20వ తేదీ జీఎస్టీఆర్-3బీకి గడువు. ఆ తేదీలకు ముందు రెండు మూడు రాత్రులు ఇంట్లో నెట్ ఆగితే, ఆలస్యపు రుసుము కట్టాల్సింది నన్ను నమ్మి లెక్కలు అప్పజెప్పిన మనిషి. అందుకే ల్యాప్‌టాప్‌లో వైఫై నాకు చిన్న విషయం కాదు. 2023 ఏప్రిల్ 20 రాత్రి, ఇంకా రెండు రిటర్నులు మిగిలి ఉండగా, అది పోయింది.

ఆ రెండూ ఫోన్‌తో గట్టెక్కించాను. ఫోన్‌ను ఛార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే వైఫై కార్డు లేకపోయినా నెట్ వస్తుంది. ఈ ఒక్కటి తెలిసి ఉంటే, వైఫై చచ్చిపోయిన రోజు కంగారు పడే పని లేదు.

ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. మరుసటి రోజు ఏడు రోడ్ల దగ్గరున్న రిపేరు షాపుకు తీసుకెళ్లాను. ఆ అబ్బాయి అడుగు మూత విప్పి, రెండు వేళ్ల వెడల్పున్న వైఫై కార్డు బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు రంగు పళ్లను మెల్లగా రుద్ది మళ్లీ పెట్టాడు. లాభం లేదు. తన దగ్గరున్న ఇంకో కార్డు వేశాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే, ఈ కార్డుకు అనుమతి లేదని నల్ల తెర మీద చూపించి అక్కడే నిలబడిపోయింది. కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయాస్‌లో, అంటే ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రామ్‌లో, కంపెనీ ఒప్పుకున్న కార్డుల జాబితా ఉంటుంది. అందులో లేని కార్డు పెడితే ముందుకు కదలదు. డబ్బులిచ్చి కొన్న వస్తువులో నాకు నచ్చిన కార్డు పెట్టుకునే వీలు లేకపోవడం ఈరోజుకీ నాకు బాధగానే ఉంది. "దీనితో పెట్టుకోవద్దన్నా, బయట డాంగిల్ పెట్టుకో, అయిపోతాది" అన్నాడు అబ్బాయి.

డాంగిల్ అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే వైఫై పట్టుకునే చిన్న పరికరం. అక్కడే 350 రూపాయలకు గోరంతది ఒకటి తీసుకున్నాను. పెట్టెలో డ్రైవర్ కోసం, అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టి నడపడానికి కావలసిన సాఫ్ట్‌వేర్ కోసం, చిన్న సీడీ ఇచ్చారు. నా ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవే లేదు. మళ్లీ ఫోన్ టెథరింగ్‌తో డ్రైవర్ దించుకున్నాను. దాని గురించి పెద్దగా రాయడానికి ఏమీ లేదు. ఇళ్లలో వైఫై ఎక్కువగా నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లలో అది 2.4 ఒక్కటే పట్టుకుంటుంది, లోపలి యాంటెనా అగ్గిపుల్ల తలంత. పైగా అది గుచ్చిన చోటు ల్యాప్‌టాప్ వేడిగాలి బయటికొచ్చే చిల్లుల పక్కనే. మే నెల కడపలో ఫ్యాన్ కింద కూర్చున్నా ఉడికిపోతాం, ఇక దాని పరిస్థితి చెప్పేదేముంది. గంట వాడాక ముట్టుకుంటే చురుక్కుమనేది, ఆ తర్వాత సిగ్నల్ ఊగిసలాట మొదలయ్యేది. నెలన్నర తిరక్కుండానే తీసి డ్రాయరులో పడేశాను.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి, లేకుంటే మిగతాది అర్థం కాదు. మాది తాతల నాటి ఇల్లు. మూరెడు మందం రాతి గోడలు. నేలకు, అలమారలకు, కిటికీ గడపలకు అన్నిటికీ నల్ల కడప బండలే. ఎండాకాలంలో ఆ గోడలే మాకు చల్లదనం. కానీ రౌటర్ ముందు గదిలో ఉంది, నా బల్ల వెనుక గదిలో. మధ్యలో రెండు గోడలు. వైఫై తరంగం గోడలోంచి పోతూ పోతూ బలం కోల్పోతుంది, రాయి మందమయ్యేకొద్దీ ఇంకా ఎక్కువగా. 5 గిగాహెర్ట్జ్ తరంగమైతే 2.4 కన్నా తొందరగా నీరసపడుతుంది. అపార్ట్‌మెంటులో నాలుగంగుళాల ఇటుక గోడల మధ్య కూర్చుని రాసిన రివ్యూలు చదివి, మనలాంటి ఇళ్లకు డాంగిల్ ఎంచుకుంటే మోసపోతాం.

2023 జూన్‌లో రెండోది తెప్పించాను. 1,400 రూపాయలు, మడత పడే పెద్ద యాంటెనా, యూఎస్‌బీ 3.0. పెట్టె మీద ఏసీ1300 అని ఉంటుంది. ఆ 1300 చూసి నెట్ అంత వేగంగా వస్తుందనుకోవద్దు. 2.4 మీద 400 ఎంబీపీఎస్, 5 మీద 867, రెండూ కూడి పైకి సవరించి వేసిన అంకె అది. డాంగిల్ ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే కలుస్తుంది, కాబట్టి ఆ మొత్తం ఎప్పటికీ చేతికి రాదు. నేను కొనేముందు చూసింది లోపలి చిప్. ఇందులో ఉన్నది ఆర్‌టీఎల్ 8812బీయూ. ఒకే మోడల్ పేరు మీద వెర్షన్ మారితే చిప్ కూడా మారిపోయే వస్తువులున్నాయి. అందుకే పెట్టె వెనుక వెర్షన్ అంకె చదివి, ఆ వెర్షన్‌లో ఏ చిప్ ఉందో వెతికి చూసుకుని కొన్నాను. ఆ అరగంట వృథా కాలేదని రెండేళ్ల తర్వాత తెలిసింది. అది కింద చెప్తాను.

విండోస్ 10లో పెట్టుకోవడం తేలికే. మొదటిసారి గుచ్చగానే అది వైఫైలా కాకుండా సీడీ డ్రైవ్‌లా కనబడుతుంది. చెడిపోయిందనుకోవద్దు. డ్రైవర్ దాని లోపలే పెట్టి పంపారు. ఆ సీడీ తెరిచి సెటప్ నడిపితే, కాసేపటికి సీడీ మాయమై వైఫై గుర్తు వస్తుంది. ఆ తర్వాత చేయాల్సిన పనులు మాత్రం పెట్టెలోని కాగితంలో లేవు. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి పాత లోపలి కార్డును డిసేబుల్ చేయాలి. నాది పూర్తిగా చావలేదు, అప్పుడప్పుడు లేచి నెట్‌వర్క్‌ను తన వైపు లాక్కునేది. తర్వాత డాంగిల్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ తెరిచి, కరెంటు ఆదా కోసం దీన్ని ఆపేయొచ్చు అనే గడిలో టిక్కు తీసేయాలి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపాలి. ఈ రెండూ చేయక ముందు, నేను బిల్లులు చూసుకుంటూ పది నిమిషాలు కీబోర్డు ముట్టుకోకపోతే చాలు, నెట్ పోయేది. జీఎస్టీ పోర్టల్ నన్ను బయటికి తోసేది, మళ్లీ లాగిన్, మళ్లీ క్యాప్చా. ఆ రెండు గడులు సరిచేసిన రోజు నుంచి విండోస్‌లో ఆ బాధ తిరిగి రాలేదు.

ఇన్ని చేసినా వెనుక గదిలో 5 మీద వేగం 11 ఎంబీపీఎస్ దాటలేదు. మా ప్లాన్ 50. ముందు గదిలో 47, 48 వస్తోంది. అప్పుడు నాకు తట్టింది, ల్యాప్‌టాప్ కదలకపోయినా డాంగిల్ కదలొచ్చు కదా అని. 180 రూపాయలు పెట్టి మీటరున్నర యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొన్నాను. దాని కొసకు డాంగిల్ తగిలించి, ఒక్కో చోట పెట్టి వేగం చూసుకుంటూ వచ్చాను. బల్ల మీద 11. అలమార పైన 16. రెండు గదుల మధ్య తలుపు పైన చిన్న గాలి కిటికీ ఉంది, చువ్వలతో. ఆ చువ్వకు పురికొసతో కట్టి, యాంటెనాను నిలువుగా నిలబెట్టి చూస్తే 41. గోడ మధ్య నుంచి పోవాల్సిన తరంగానికి ఆ కిటికీ దారిచ్చింది. మా అమ్మ వచ్చి, "ఏంది నాయనా, ఆడ యాలాడదీసినావు?" అని అడిగింది. నెట్ కోసమమ్మా అంటే, "సరేలే, బూజు దులిపేటప్పుడు తగలకుండా చూస్తాలే" అంది. ఆ మాట మూడేళ్లుగా నిలబెట్టుకుంటోంది. చీపురు ఆ చువ్వ దగ్గర ఆపి, గుడ్డతో తుడుస్తుంది.

డాంగిల్ కొనేవాళ్లెవరైనా నన్నడిగితే ముందు ఈ కేబుల్ గురించే చెప్తాను. 1,400 పెట్టిన వస్తువును ల్యాప్‌టాప్ పక్కకే గుచ్చి వదిలేస్తే సగం డబ్బు వృథా. కేబుల్ రెండు మీటర్లు దాటకుండా చూసుకోండి. యూఎస్‌బీ 3.0 వేగం పొడవు కేబుల్ మీద నిలవదు, డాంగిల్ మధ్యమధ్యలో ఊడిపోయినట్టు అవుతుంది.

ఇంకో చిక్కు పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం లెక్కలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తాను. ఆ సమయంలోనే నెట్ కుంటేది. ముందు రౌటర్‌ను అనుమానించాను, తర్వాత నెట్ ఇచ్చే కేబుల్ వాళ్లను. అసలు కారణం యూఎస్‌బీ 3.0. డేటా పారేటప్పుడు ఆ పోర్టు, ఆ వైరు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద పత్రం వేసింది. అప్పటికి నా డాంగిల్ 2.4 మీద ఉండేది, హార్డ్ డిస్క్ వైరు దానికి జానెడు దూరంలో. డాంగిల్‌ను కిటికీకి ఎక్కించి 5 మీదికి మార్చాక ఆ ఇబ్బంది పోయింది. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదిలేవాళ్లు కూడా ఒకసారి పక్కన యూఎస్‌బీ 3.0 డిస్క్ ఉందేమో చూసుకోండి.

రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఛానల్‌ను ఆటోలో వదలకుండా 36కు కట్టేశాను. ఆటోలో ఉన్నప్పుడు అది అప్పుడప్పుడు ఏదో ఛానల్‌కు దూకేది, డాంగిల్‌కు మా వైఫై పేరే కనబడేది కాదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. నా పాత ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత లేదు. నేను లెక్కలు రాసే పార్టీల జీఎస్టీ పాస్‌వర్డులు వాడే యంత్రాన్ని భద్రతా అప్‌డేట్లు లేకుండా నడపడానికి మనసొప్పలేదు. నవంబర్‌లో విండోస్ తీసేసి, దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ 22 వేశాను. చిప్ చూసి కొన్నది ఇక్కడ అక్కరకొచ్చింది. 8812బీయూ చిప్‌కు కావలసిన డ్రైవర్ లినక్స్‌కు మూలమైన కెర్నల్‌లో 6.2 వెర్షన్ నుంచి కలిసే వస్తోంది, మింట్ 22లో ఉన్నది 6.8. ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయగానే వైఫై పేర్ల జాబితా తెరిచి చూశాను. మా ఇంటి పేరు పైనే ఉంది. మీ డాంగిల్ సీడీ డ్రైవ్‌గానే ఉండిపోతే, ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ కొట్టి చూడండి, వైఫైగా మారుతుంది.

లోపాలు లేవని కాదు. మింట్‌లో ల్యాప్‌టాప్ నిద్ర నుంచి లేచినప్పుడు పదిసార్లలో ఒకసారి డాంగిల్ కనబడదు, తీసి మళ్లీ గుచ్చాలి. అది కిటికీ మీద ఉంది కాబట్టి ఊడదీసేది ఈ చివర కేబులే, పెద్ద కష్టం కాదు. యాంటెనా మడత దగ్గర రెండో ఏటికే పట్టు వదిలింది, నిలువుగా నిలవక వాలిపోతోంది. ఇప్పుడు దానికి కూడా పురికొసే ఆధారం. నీలం లైటు రాత్రి గదంతా మినుకుమినుకుమంటుంది, పైన నల్ల టేపు ముక్క అంటించాను. మూడు ఎండాకాలాలకు తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరిగింది, వేడి వల్ల ఆగిపోవడం మాత్రం జరగలేదు. ల్యాప్‌టాప్ వేడిగాలికి దూరంగా వేలాడుతుండటం కూడా దానికి మేలు చేసిందనే అనుకుంటున్నాను.

పోయిన నెల ప్రొద్దుటూరులో మా బావకు కూడా ఇదే డాంగిల్, ఇదే వెర్షన్ తెప్పించాను. "పెట్టెలో ఉన్నది పెట్టుకుంటే చాలదా బావా, మళ్లీ కేబులెందుకు?" అన్నాడు. బల్ల మీద ఒకసారి, మిద్దె మెట్ల దగ్గర ఒకసారి పెట్టి ఆ రెండు వేగాలూ ఆయనకే చూపించాను. సాయంత్రం బజారుకెళ్లి తనే కేబుల్ తెచ్చుకున్నాడు.