ఫోన్‌లోంచి డెస్క్‌టాప్‌కి ఫైళ్లు: ఎంటీపీ, కార్డ్ రీడర్, ఏడీబీల్లో ఏది మేలు?

పదిహేను వేల ఫొటోలున్న కెమెరా ఫోల్డర్‌ను అమాంతం పట్టుకుని డెస్క్‌టాప్ మీదకి లాగారనుకోండి. విండోస్ చాలాసేపు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటుంది. కాపీ సగంలో ఉండగా కంప్యూటర్ తెర మీంచి ఫోన్ మాయమవుతుంది. ఏవి వచ్చాయో, ఏవి మిగిలాయో వెతుక్కోవడం మన వంతు.

పాత ఆండ్రాయిడ్ ఫోన్లు పెన్‌డ్రైవ్‌లా డ్రైవ్ లెటర్‌తో కనబడేవి. అలా కనబడాలంటే స్టోరేజ్ మొత్తాన్ని కంప్యూటర్‌కి అప్పగించాలి, అంతసేపూ ఫోన్‌కి అది అందదు. 2011లో ఆండ్రాయిడ్ 3.0తో ఎంటీపీ (మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్) పద్ధతి వచ్చింది. ఇందులో తాళం చెవి ఫోన్ దగ్గరే ఉంటుంది: కంప్యూటర్ ఫైల్ అడుగుతుంది, ఫోన్ తీసి ఇస్తుంది. ప్రతి ఫైల్ వివరాలూ ఇలా అడిగే తెచ్చుకోవాలి కాబట్టే పెద్ద ఫోల్డర్ తెరవగానే అంత నాన్చుడు.

యాభై ఫొటోలకో, రెండు వీడియోలకో ఎంటీపీని మించింది లేదు. కేబుల్ పెట్టి, ఫోన్ లాక్ తీసి, నోటిఫికేషన్లలో ఉన్న యూఎస్‌బీ ఛార్జింగ్ గీతను నొక్కి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. ఇది మరిచిపోతే ఫోన్ పేరు కనబడినా లోపల ఖాళీ. 'పీటీపీ' (కెమెరాల ఫొటో బదిలీ పద్ధతి) నొక్కితే ఫొటోల ఫోల్డర్లే వస్తాయి. పేరు కూడా కనబడలేదంటే కేబుల్ మార్చి చూడండి. చవక కేబుళ్లు కొన్నింటిలో ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. సీపీయూ ముందువైపు పోర్ట్‌లో తరచూ తెగిపోతుంటే వెనక, మదర్‌బోర్డ్ మీది పోర్ట్‌లో పెట్టండి. వాట్సాప్ ఫొటోలు కొత్త ఫోన్లలో 'ఆండ్రాయిడ్' ఫోల్డర్‌లోని 'మీడియా'లో దాక్కుని ఉంటాయి. ఎప్పుడూ కాపీయే చేయండి, కట్ వద్దు.

ఫోన్‌లో మెమరీ కార్డ్ ఉంటే, కావలసినవి దానిలోనే ఉంటే, సెట్టింగ్స్‌లో ఎజెక్ట్ చేసి కార్డ్ రీడర్‌లో పెట్టడమే సుఖం. డిలీటైన ఫొటోల రికవరీకీ ఇదే దారి. ఎంటీపీలో చెరిపేసిన ఫైల్ జాడ కంప్యూటర్‌కి కనబడదు, రీడర్‌లో కార్డ్ అణువణువూ చదవొచ్చు. ఒక్క చిక్కుంది: కార్డ్‌ను 'ఇంటర్నల్ స్టోరేజ్'గా ఫార్మాట్ చేసి ఉంటే అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆ ఫోన్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. విండోస్ 'ఫార్మాట్ చేయాలా?' అంటుంది. పొరపాటున కూడా ఒప్పుకోకండి.

ఫోన్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి కాపీ చేసుకోవాలంటే మాత్రం మా ఓటు ఏడీబీకే. కంప్యూటర్‌లో ఆదేశాలు టైప్ చేసి ఫోన్‌తో పని చేయించే గూగుల్ పనిముట్టు ఇది. నల్ల తెర చూసి బెదరక్కర్లేదు. సెట్టింగ్స్‌లోని 'అబౌట్ ఫోన్'లో బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అక్కడ యూఎస్‌బీ డీబగ్గింగ్ (కంప్యూటర్ ఆదేశాలను ఫోన్ ఒప్పుకునే అమరిక) ఆన్ చేయాలి. గూగుల్ ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ జిప్ విప్పి, ఆ ఫోల్డర్‌లోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'ఏడీబీ డివైసెస్' (adb devices) కొట్టండి. 'అన్‌ఆథరైజ్డ్' అని వస్తే ఫోన్ తెర చూడండి, అనుమతి అడుగుతూ ఉంటుంది. తర్వాత 'ఏడీబీ పుల్' (adb pull) ఆదేశం, దాని పక్కన 'హైఫన్ ఏ' (-a), ఆపై ఫోన్‌లోని ఫోల్డర్ దారి, చివర కంప్యూటర్‌లోని దారి. ఆ 'హైఫన్ ఏ' లేకపోతే ఫైళ్లన్నిటికీ ఇవాళ్టి తేదీ పడి ఫొటోల వరస చెదిరిపోతుంది. దారి 'ఎస్‌డీకార్డ్' (/sdcard) అని మొదలైనా అది ఫోన్ సొంత స్టోరేజే, కంగారు పడకండి. పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్‌ను కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. అయిపోయాక ఎన్ని ఫైళ్లు వచ్చాయో, ఏ వేగంతో వచ్చాయో ఒక వరసలో చెబుతుంది. ఎంటీపీలో ఈ లెక్క మనమే చూసుకోవాలి.

వేగానికి మాత్రం కేబుల్, పోర్ట్‌లదే హద్దు. టైప్ సీ మూతి ఉన్నంత మాత్రాన యూఎస్‌బీ 3 అయిపోదు. చాలా ఫోన్లలో లోపల 2.0యే. సెకనుకు 30-40 ఎంబీ వస్తే గొప్ప, అంటే 64 జీబీకి సుమారు అరగంట.

పని కాగానే డీబగ్గింగ్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.