ఒక స్క్రీన్, రెండు అకౌంట్లు: ఎక్స్‌హోస్ట్‌తో ఏడేళ్లు

నా లినక్స్ మెషీన్‌లో రెండు అకౌంట్లున్నాయి. ఒకటి రోజువారీ పనికి, రెండోది అంతగా నమ్మకం కుదరని ప్రోగ్రాములు నడిపి చూడటానికి. రెండోదాని విండో మొదటిదాని స్క్రీన్ మీదే తెరుచుకోవాలి. ఇంత చిన్న కోరికకి చాలా దారులే తొక్కాను.

నా మెషీన్‌లో విండోలు చూపించే వ్యవస్థ ఎక్స్11, ఆ పని చేసే ప్రోగ్రామ్ ఎక్స్ సర్వర్. దాని దగ్గరికి ఎవరు రావొచ్చో చెప్పే కమాండ్ ఎక్స్‌హోస్ట్. మొదట్లో అందరిలాగే "ఎక్స్‌హోస్ట్ +" కొట్టేసేవాణ్ని. "కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే" అనే ఎర్రర్ గోల వెంటనే ఆగిపోతుంది. తాళంచెవి దొరకలేదని తలుపే ఊడబీకినట్టు, మెషీన్‌లో ఉన్న ప్రతి అకౌంటుకీ నా స్క్రీన్ అప్పగించేస్తున్నానని తర్వాత తెలిసింది.

ఆపైన ఎక్స్‌ఆథ్ అనే కమాండ్ పట్టుకున్నాను. కుకీని, అంటే తాళంచెవిలాంటి 32 అక్షరాల కోడ్‌ని, ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి ఎక్కించాలి. లాగౌట్ అయి వస్తే కుకీ మారిపోతుంది, మళ్లీ మొదటికే. ఒకసారి ఆ కమాండ్‌కి అలవాటుగా సుడో (అడ్మిన్ అధికారంతో నడిపించేది) తగిలించాను. నా హోమ్‌లో ఆ కుకీ ఉండే డాట్ ఎక్స్‌అథారిటీ ఫైల్ రూట్ (అడ్మిన్ అకౌంట్) సొంతమైపోయింది. మర్నాడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే! కంట్రోల్-ఆల్ట్-ఎఫ్3తో టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లి, ఛోన్ కమాండ్‌తో ఫైల్‌ని నా పేరు మీదికి మార్చుకునేదాకా టెన్షనే.

చివరికి స్థిరపడింది "ఎక్స్‌హోస్ట్ +ఎస్‌ఐ:లోకల్‌యూజర్:" తర్వాత ఆ యూజర్ పేరు. ఆ ఒక్కరికే అనుమతి. కుకీ మోయక్కర్లేదు, వచ్చింది ఎవరో సాకెట్ (ప్రోగ్రామ్ వచ్చి కలిసే చోటు) దగ్గర సిస్టమ్ గుండెకాయైన కెర్నెలే చెప్పేస్తుంది. ఎక్స్ సర్వర్ ఆగితే ఇదీ పోతుంది కాబట్టి లాగిన్‌లో నడిచే స్క్రిప్ట్‌లో పెట్టేశాను. "ఎస్‌యూ -" కమాండ్‌తో రెండో అకౌంట్‌లోకి వెళ్తే, విండో ఏ స్క్రీన్ మీద తెరవాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్ ఎగిరిపోతుంది, దాన్ని మళ్లీ :0 (నా స్క్రీన్ నంబరు) అని ఇచ్చుకోవాలి. ఇక ఆడియో సంగతి అడక్కండి, అది వేరే పంచాయితీ.

అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసిన విషయం ఇంకోటుంది. ఒకరోజు రెండో అకౌంట్‌లో, నొక్కిన కీలన్నీ చూపించే "ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్" నడిపి, మొదటి అకౌంట్ టెర్మినల్‌లో టైప్ చేశాను. ‘ఎ’ నొక్కగానే అక్కడ "కీ ప్రెస్ 38" అని పడింది, 38 అంటే ఆ కీ నంబరు. పాస్‌వర్డ్ కొట్టినా ఇంతే. ఎక్స్11లో లోపలికొచ్చిన ప్రోగ్రామ్‌కి పక్క విండోల మీద అడ్డే లేదు. నమ్మని ప్రోగ్రాముల కోసమే పెట్టుకున్న అకౌంట్‌కి ఇన్నాళ్లూ నా కీబోర్డే ఇచ్చానన్నమాట.

ఇప్పుడు అలాంటివాటికి జెఫిర్ వాడుతున్నాను. ఒక విండోలోనే ఇంకో ఎక్స్ సర్వర్, డిస్‌ప్లే :1. రెండో అకౌంట్‌కి అనుమతి అక్కడే, :0 మీద తీసేశాను. విండో సైజు మార్చినప్పుడల్లా కాస్త చిరాకు పెడుతుంది, సర్దుకున్నాను. నాకు నమ్మకమున్న టూల్స్ నడపాల్సి వచ్చినప్పుడు మాత్రం పాత లైన్‌నే కాసేపు ఇచ్చి, పనవగానే ప్లస్ బదులు మైనస్ పెట్టి మూసేస్తాను.